ఇంగ్లండ్‌లోని బోస్టన్‌లో అసలు ఉండేదెవరు? లింకన్‌షైర్ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

బెజవాడ_వాసు

అందరికీ నమస్కారం. మా ఆవిడకి లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో, పిల్‌గ్రిమ్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్ ఉద్యోగం ఖాయమైంది. ప్రస్తుతం బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఇక్కడ గుడి ఉంది, దొండకాయలు దొరుకుతాయి, పాపకి స్నేహితులున్నారు, అంతా అలవాటైపోయింది. బోస్టన్ అనగానే మా అమ్మ అమెరికా అనుకుని ఊరంతా చెప్పేసింది, ఆ బోస్టన్ కాదమ్మా అని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నెట్‌లో వెతికితే మాత్రం బుర్ర తిరిగిపోతోంది. ఒకచోట జనాభా 70 వేలు, వందకి తొంభై మందికి పైగా తెల్లవాళ్ళే అని ఉంది. ఇంకోచోట బ్రెగ్జిట్‌కి దేశం మొత్తమ్మీద ఎక్కువ శాతం ఓట్లు పడ్డది అక్కడే అని ఉంది. మరోచోట వలస వచ్చినవాళ్ళతో నిండిపోయిన ఊరు అని రాశారు. మూడూ ఒకే ఊరి గురించేనా? పాప వచ్చే సెప్టెంబర్‌కి ఇయర్ ఫైవ్. మనవాళ్ళు అక్కడ బతకగలరా లేదా, కాస్త వివరంగా చెప్పండి.

సెన్సస్_శీను

వాసు గారూ, మూడూ ఒకే ఊరి గురించే, మూడూ నిజమే. మీరు ముందు చూసింది జాతుల పట్టిక, తికమక అక్కడే మొదలైంది. ఇక్కడి జనాభా లెక్కల్లో 'వైట్' అనే పెద్ద గడిలో ఇంగ్లీషువాళ్ళూ ఉంటారు, ఐరిష్‌వాళ్ళూ ఉంటారు, నిన్నగాక మొన్న లిథువేనియా నుంచి దిగిన కుర్రాడూ ఉంటాడు. వాడు 'అదర్ వైట్' దగ్గర టిక్ పెడతాడు, మొత్తం కూడినప్పుడు మాత్రం వైట్ కిందికే వస్తాడు. లెస్టర్‌లో ఆ పట్టిక చూస్తే ఊరు ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది గానీ, బోస్టన్ విషయంలో అది చూసి ఒక అభిప్రాయానికి వస్తే మోసపోతారు.

పుట్టిన దేశం పట్టిక తెరవండి. 2001లో బోస్టన్ బరో (అంటే ఊరూ చుట్టుపక్కల పల్లెలూ కలిసిన పాలనా జిల్లా) జనాభా సుమారు 55,750, అందులో యూకే బయట పుట్టినవాళ్ళు వందకి ముగ్గురే. 2011కి జనాభా 64,600 అయింది, బయట పుట్టినవాళ్ళు వందకి పదిహేను మంది అయ్యారు. తలల లెక్కన చూస్తే పదేళ్ళలో ఐదు రెట్లు దాటింది, ఇంగ్లండ్‌లో అంత వేగంగా మారిన జిల్లా అప్పట్లో ఇంకొకటి లేదు. 2021 మార్చి 21 నాటి లెక్కకి జనాభా 70,500. ఆ పదేళ్ళలో ఇంగ్లండ్ మొత్తం 6.6 శాతం పెరిగితే బోస్టన్ 9.1 శాతం పెరిగింది. బయట పుట్టినవాళ్ళు ఐదో వంతు దాటారు.

ఇంకోటి, ఈ అంకెలు ఊరు ఒక్కదానివి కావు, బరో మొత్తానివి. 1974 ఏప్రిల్ 1న పాత పట్టణాన్నీ చుట్టూ ఉన్న గ్రామీణ జిల్లానీ కలిపేసి ఇప్పుడున్న బరో చేశారు. కిర్టన్, స్వైన్స్‌హెడ్, రాంగిల్ లాంటి పల్లెలన్నీ ఇందులోనే. విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందుకే జనసాంద్రత చూస్తే చదరపు కిలోమీటరుకి 200 కూడా ఉండదు. ఆ సగటు నమ్ముకుని ప్రశాంతమైన పల్లెటూరు అనుకోకండి. బయటి నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది టౌన్ మధ్యలో పాత వరస ఇళ్ళలోనే ఉంటారు.

లెస్టర్_మామ

శీనూ, నీ పట్టికలు నువ్వు చూసుకో గానీ బాబూ, వాసు అడిగింది మనవాళ్ళు బతకగలరా అని. నేను లెస్టర్ వచ్చి చాలా ఏళ్ళయింది. ఇక్కడ 2021లో 3,68,600 మంది, అందులో 43.4 శాతం ఆసియావాళ్ళు. దీపావళికి రోడ్డు మూసి పండగ చేస్తారు. బోస్టన్‌లో అవేవీ ఉండవు. నా మాట విని ఆవిడని ఇటువైపు ఏదైనా హాస్పిటల్‌లో ప్రయత్నించమను. కారులో రెండు గంటల దాకా పడుతుంది బోస్టన్ నుంచి ఇక్కడికి, అదీ ముందు ట్రాక్టర్ లేకపోతే.

నెల్లూరు_నాని

బ్రెగ్జిట్ ఓటింగ్‌లో 75.6 శాతం మంది లీవ్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదాం అని గుద్దిన ఊరు అది. నేనైతే పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళను. 2024లో ఎంపీగా వలసల్ని గట్టిగా వ్యతిరేకించే రిఫార్మ్ పార్టీ రిచర్డ్ టైస్‌ని గెలిపించుకున్నారు కూడా. ఇంకేం చెప్పాలి?

సెన్సస్_శీను

నాని గారూ, మీరు ఉండేది స్లౌ అని ఎప్పుడో చెప్పారు. స్లౌ కూడా 54.3 శాతంతో లీవ్ అనే చెప్పింది, మరి మీరు అక్కడే కాపురం చేస్తున్నారు కదా 😀 స్లౌలో 2021 నాటికి ఆసియావాళ్ళే 46.7 శాతం. లెస్టర్‌లో రిమెయిన్, అంటే కలిసే ఉందాం అన్నది 51.1 శాతంతో గట్టెక్కింది. బయటివాళ్ళు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఓటు పడలేదు. ఎంత తొందరగా వచ్చారు, ఊరు అందుకు సిద్ధంగా ఉందా అన్నదాన్ని బట్టి పడింది. బోస్టన్ తర్వాత ఎక్కువ లీవ్ శాతం వచ్చింది పక్క జిల్లా సౌత్ హాలండ్‌లో, 73.6. అక్కడా ఇదే సాగు, ఇదే కూలి పని, ఇదే కథ.

ఇంకో మెలిక ఉంది. ఆ రెఫరెండంలో పోలండ్, లిథువేనియా పౌరులకి ఓటు లేదు. ఇక్కడ ఉంటున్న మన భారత పాస్‌పోర్ట్‌వాళ్ళకి ఉంది, కామన్వెల్త్ కాబట్టి. అంటే ఎవరి గురించి గొడవ జరిగిందో వాళ్ళు ఆ 75.6లోనూ లేరు, మిగిలిన 24.4లోనూ లేరు. ఓటర్ల జాబితా వేరు, ఊళ్ళో కనబడే జనం వేరు.

నెల్లూరు_నాని

ఆ లెక్కలతో రోడ్డుమీద ఎవడైనా నన్ను చూసి ఏదైనా అంటే ఆగుతాడా? స్లౌలో నాలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉంటారు, అది వేరే ధైర్యం. 2016లో పాలసీ ఎక్స్ఛేంజ్ అనే మేధావుల సంస్థ దేశంలో అందరికంటే తక్కువ కలిసిపోయిన ఊరు బోస్టనే అని రిపోర్టు ఇచ్చింది, అది నేను కనిపెట్టింది కాదు.

పాలమూరు_పిలగాడు

నేను చెప్తా అన్నా, నేను అక్కడ పని చేసినోణ్ణి. లింకన్‌లో ఎమ్మెస్సీ చేసేటప్పుడు ఒక ఏజెన్సీ ద్వారా బోస్టన్ పక్కన ఒక ప్యాక్‌హౌస్‌కి పోయేవాణ్ణి, వారానికి ఇరవై గంటల లోపలే. తెల్లారకముందే వ్యాన్ వచ్చేది. ఎక్కితే లోపల ఇంగ్లీషు ఒక్క ముక్క వినబడదు, ముందు సీట్లో లిథువేనియన్, వెనక రొమేనియన్, మధ్యలో నేను. షెడ్ లోపల ఫ్రిజ్‌లో ఉన్నట్టే ఉంటుంది, రెండు జతల సాక్సులు వేసినా కాళ్ళు కొయ్యబారిపోయేవి. బెల్టు మీద క్యాలీఫ్లవర్లు వస్తుంటాయి, ఆకులు కోసి, మచ్చ ఉన్నవి పక్కకి నెట్టి, మిగతావి ట్రేలో సర్దాలి. గోడమీద చేతులు కడుక్కోండి అన్న బోర్డు ఐదు భాషల్లో ఉండేది, ఇంగ్లీషు మూడోదో నాలుగోదో. ఏజెన్సీవాడు వ్యాన్ చార్జీ జీతంలోనే కోసేవాడు, ఎంత కోస్తాడో చేతికొచ్చేదాకా తెల్వదు. అడిగితే రేపటి నుంచి వ్యాన్ రాదు, అంతే.

ఆ ఊరికి వలస కొత్తదేం కాదు. లైన్ మీద పని చేసే ఒక పెద్దావిడ చెప్పేది, ఆమె చిన్నప్పుడు మిడ్‌ల్యాండ్స్ ఊళ్ళ నుంచి ఆడవాళ్ళని బస్సుల్లో తోలుకొచ్చేవాళ్ళట, తర్వాత పోర్చుగల్‌వాళ్ళు వచ్చారు, 2004 నుంచి పోలండ్, లిథువేనియా, లాత్వియా. అందరినీ తెచ్చేది మేస్త్రీలే, ఇక్కడ గ్యాంగ్‌మాస్టర్ అంటారు. మాది పాలమూరు, దేశంలో యాడ డ్యామ్ కట్టినా మట్టి మోసింది మా జిల్లావాళ్ళే, మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి గుంపును తీసుకుపోతే ఎట్లుంటదో మా ఇంట్ల కథలు కథలుగా చెప్తరు. బోస్టన్‌లో ఆ వ్యాన్ ఎక్కిన మొదటి రోజే నాకు అంతా తెలిసినట్టే అనిపించింది.

సెన్సస్_శీను

తమ్ముడూ, చాలా మంచి సంగతి చెప్పావు. ఆ గ్యాంగ్‌మాస్టర్లకి లైసెన్స్ ఉండాలన్న చట్టం వచ్చింది కూడా 2004లోనే. ఆ ఫిబ్రవరిలో మోర్‌కాంబ్ బేలో సముద్రపు గుల్లలు ఏరడానికి వెళ్ళిన చైనా కూలీలు ఇరవై మందికి పైగా ఆటుపోటులో కొట్టుకుపోయి చనిపోయారు, ఆ తర్వాతే ప్రభుత్వం కదిలింది.

2004 మే 1న ఎనిమిది తూర్పు యూరప్ దేశాలు యూరోపియన్ యూనియన్‌లో చేరితే, పాత సభ్య దేశాల్లో మొదటి రోజు నుంచే వాళ్ళకి పని తలుపు తెరిచినవి బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే. మిగతావాళ్ళు ఆగారు. అందుకే అంతమంది ఇటు వచ్చారు. రొమేనియా, బల్గేరియా వాళ్ళకి పూర్తి స్వేచ్ఛ 2014 జనవరి 1న వచ్చింది. 2011 లెక్కలకీ 2021 లెక్కలకీ మధ్య ఆ రెండు దేశాలు పైకి రావడానికి కారణం అదే.

అసలు కారణం మాత్రం నేల. ఫెన్స్ అంటారు, సముద్రమట్టానికి ఇంచుమించు సమానంగా ఉండే చిత్తడి, కాలవలు తవ్వి వందల ఏళ్ళుగా నీళ్ళు తోడి సాగులోకి తెచ్చారు. దేశంలోకెల్లా మేలైన గ్రేడ్ వన్ భూమి. క్యాబేజీ, క్యాలీఫ్లవర్, స్ప్రౌట్స్, బంగాళాదుంప, స్పాల్డింగ్ వైపు పూలు. కోతకీ ప్యాకింగ్‌కీ మనుషులు కావాలి, ఏడాదంతా కావాలి, అదీ సూపర్‌మార్కెట్ ఆర్డర్ రాత్రి వస్తే పొద్దున్నకి లోడ్ వెళ్ళిపోవాలి. స్థానిక కుర్రాళ్ళు ఆ పనికి రారు.

నెల్లూరు_నాని

రారు కాదు, ఆ జీతానికి రారు. జీతం పెంచితే వస్తారేమో ఎవరు చూశారు?

పాలమూరు_పిలగాడు

అది మాత్రం నిజం అన్నా. నా లైన్ మీద ఇంగ్లీషు కుర్రాళ్ళు అసలు లేరని కాదు, ఫోర్క్‌లిఫ్ట్ మీద, సూపర్‌వైజర్‌గా ఉండేవాళ్ళు.

డా_సుధ

నేను ట్రైనింగ్‌లో భాగంగా పిల్‌గ్రిమ్‌లో పనిచేశాను. అందరూ ఎవరు ఏ దేశం అనే మాట్లాడుతున్నారు, నా దృష్టిలో వయసు లెక్క అంతకంటే ముఖ్యం. వాసు గారి భార్య రోజూ చూసేది అదే.

పని కోసం వచ్చినవాళ్ళు ఇరవైల చివర, ముప్పైలలో ఉన్నవాళ్ళు. వచ్చారు, జంటలయ్యారు, పిల్లలు పుట్టారు, ఆ పిల్లలు ఇప్పుడు బోస్టన్ యాసలో మాట్లాడుతున్నారు. ప్రసవాల వార్డులో ఏ పూట చూసినా ఫోన్‌లో దుబాసీ లైన్ నడుస్తూనే ఉండేది. అదే సమయంలో ఆ హాస్పిటల్‌కి పక్క జిల్లా ఈస్ట్ లిండ్సీ నుంచి, అంటే స్కెగ్‌నెస్ తీరం నుంచి కూడా రోగులు వస్తారు. అది రిటైరైనవాళ్ళ జిల్లా. నాటింగ్‌హామ్, డెర్బీల్లో ఉద్యోగాలు చేసి, ఇల్లు అమ్ముకుని సముద్రం పక్కన ఒకే అంతస్తు ఇల్లు కొనుక్కున్నవాళ్ళు. అక్కడ 65 దాటినవాళ్ళు దాదాపు 30 శాతం. దేశంలో అన్నిటికంటే ఎక్కువ నార్త్ నార్‌ఫోక్‌లో, 33.5. లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో చూస్తే 5.6 మాత్రమే. బోస్టన్ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది, ఇంగ్లండ్ సగటు కంటే కాస్త పెద్ద వయసు. అది కూడా వచ్చిన కుర్రవాళ్ళ వల్ల సగటు కిందికి దిగింది, లేకపోతే ఈ ఊరూ స్కెగ్‌నెస్ దారిలోనే పోయేది. స్థానిక పిల్లలు పద్దెనిమిదేళ్ళకి యూనివర్సిటీకని వెళ్తే మళ్ళీ తిరిగి రావడం తక్కువ.

ఒక వార్డులో ఒక రోజు చెబుతాను. ఈ మంచం మీద తుంటి ఎముక విరిగిన 88 ఏళ్ళ పెద్దాయన, ఎదురుగా సిజేరియన్ కుట్లలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన 26 ఏళ్ళ రొమేనియా అమ్మాయి, ఇద్దరినీ చూసుకునేది కొట్టాయం నర్స్. పెద్దాయన ఓటు ఎటు వేశాడో నాకు తెలుసు, ఆయనే చెప్పాడు. ఆ నర్స్ సెలవు పెట్టిన రోజు అన్నం ముట్టలేదు ఆయన. నర్సుల్లో మలయాళీలు, ఫిలిప్పీన్స్‌వాళ్ళు బాగా కనబడతారు. వాసు గారూ, మీ ఆవిడకి డ్యూటీలో తోడుకి కొరత ఉండదు. మీకు మాత్రం సాయంత్రాలు బోర్ కొడుతుంది, అది ముందే చెప్తున్నా.

బెజవాడ_వాసు

సుధ గారూ, చాలా థాంక్స్ అండీ, ఇలాంటిదే వినాలనుకున్నాను. నేను ఇంటి నుంచే పని చేస్తాను కాబట్టి బోర్ అలవాటే. తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో లెక్క ఏమైనా ఉందా?

సెన్సస్_శీను

ముఖ్య భాష పట్టికలో తెలుగుకి విడిగా ఒక వరస ఉంది, మీ జిల్లా ఎంచుకుని చూడొచ్చు. కానీ అంత చిన్న చోట ఆ అంకె మీద ఆధారపడకండి. ఒకటి, వ్యక్తుల గుర్తు తెలియకుండా ఉండటానికి చిన్న అంకెల్ని కొద్దిగా అటూ ఇటూ మారుస్తారు. రెండు, మనవాళ్ళు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఫారంలో మాత్రం ఇంగ్లీష్ అని రాసేస్తారు. మూడు, 2021 తర్వాత పరిస్థితి మారింది. 2022 ఫిబ్రవరి నుంచి కేర్ వర్కర్ వీసా తెరిచారు, కేరళ నుంచీ మన వైపు నుంచీ చాలామంది ఇలాంటి చిన్న ఊళ్ళకే వచ్చారు, ఎందుకంటే కేర్ హోమ్‌లు పెద్దవాళ్ళున్న చోటే ఉంటాయి. 2024 మార్చి 11 నుంచి వాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోకుండా ఆపారు, 2025 జూలై 22న బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఈ అల మొత్తం రెండు జనాభా లెక్కల మధ్యలో వచ్చిపోయింది, 2021 పట్టికలో దీని జాడ ఉండదు.

అలాగే పొలం పనికి ఆరు నెలల సీజనల్ వీసా మీద వచ్చేవాళ్ళు. బ్రెగ్జిట్ తర్వాత కిర్గిజ్‌స్థాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ నుంచి వస్తున్నారు. యూకేలో పన్నెండు నెలలు ఉన్నవాళ్ళనీ, ఉండబోయేవాళ్ళనీ మాత్రమే ప్రధాన లెక్కలో 'నివాసి' అంటారు కాబట్టి వీళ్ళు ఆ 70,500లో పడరు. కానీ బస్సు ఎక్కుతారు, చెత్త వేస్తారు, జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి వస్తారు. కౌన్సిల్‌కి డబ్బు వచ్చేటప్పుడు లెక్కలో ఉన్న తలలే చూస్తారు. స్థానికులు డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకట్లేదని మొత్తుకుంటే అందులో జాత్యహంకారం ఒక్కటే చూడటం నాకు నచ్చదు, అక్కడ నిజంగానే ఇబ్బంది ఉంది.

లెస్టర్_మామ

ఈ సీజనల్ వీసా పేరు చెప్పి మన దగ్గర ఏజెంట్లు లక్షలు గుంజుతున్నారు, జాగ్రత్త. ప్రభుత్వం ఆమోదించిన కొద్దిమంది ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ ఆ వీసా ఇప్పించలేరు. యాపిల్ తోటలో నెలకి ఇంత అని వాట్సాప్‌లో వస్తే నమ్మకండి.

కొత్తగూడెం_కోడలు

నేను స్పాల్డింగ్‌లో ఉంటా, బోస్టన్‌కి పక్కనే, ఏ16 మీద. పాప చదువు గురించి ఎవరూ చెప్పలేదేంటి? వాసు అన్నా, లింకన్‌షైర్‌లో ఇప్పటికీ గ్రామర్ స్కూళ్ళు, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ స్కూళ్ళు ఉన్నాయి, మీ బర్మింగ్‌హామ్‌లో ఉన్నట్టే. బోస్టన్‌లో అబ్బాయిలకి బోస్టన్ గ్రామర్, అమ్మాయిలకి బోస్టన్ హై. వాటిలో చేరడానికి రాసే ఇలెవెన్ ప్లస్ పరీక్ష ఇయర్ సిక్స్ మొదట్లో, సెప్టెంబర్‌లోనే అయిపోతుంది, పేరు అంతకుముందే ఇవ్వాలి. కాబట్టి ఇయర్ ఫైవ్‌లోనే మొదలుపెట్టాలి, వెర్బల్, నాన్ వెర్బల్ రీజనింగ్ రెండూ. ఇక్కడ బర్మింగ్‌హామ్ అంత పోటీ ఉండదని మా పెద్దమ్మాయి విషయంలో నాకు అనిపించింది.

మా చిన్నోడి క్లాసులో సగం మందికి పైగా ఇంట్లో ఇంగ్లీషు కాని భాషే. టీచర్లకి అది అలవాటే. మీ పాప కొత్త పిల్ల అని ఎవరూ వింతగా చూడరు, ఎందుకంటే ఏడాది మధ్యలో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నల్లగా ఉన్న పిల్లలు మాత్రం తక్కువ, ఆ మాట దాచను. ఒకసారి పార్కులో ఒకడు మమ్మల్ని చూసి మీ దేశానికి పోండి అన్నాడు. పక్కనున్న పోలిష్ ఆవిడ వాణ్ణి ఆమె ఇంగ్లీషులో కడిగేసింది, ఆ తిట్లు సగం నాకు అర్థం కాలేదు గానీ భలే తృప్తిగా అనిపించింది.

నెల్లూరు_నాని

అదే కదా నేను చెప్పింది.

కొత్తగూడెం_కోడలు

నాని అన్నా, ఆ మాట నాకు లండన్‌లో ఉన్నప్పుడూ తగిలింది. ఇక్కడ అద్దె సగం, ఇల్లు కొనుక్కోగలిగాం, తోట ఉంది. నేను లెక్క వేసుకునే వచ్చా.

బెజవాడ_వాసు

అక్కా, స్కూల్ సంగతి చెప్పినందుకు చాలా సంతోషం, అది నాకు తట్టనే లేదు. ఇక ఇల్లు ఎక్కడ చూడమంటారు? హేవెన్ నది పక్కన ఒకటి బాగుంది, అద్దె కూడా తక్కువ. ఆ స్కూళ్ళ అడ్మిషన్లు బరో కౌన్సిల్ చూస్తుందా?

డా_సుధ

నది పక్కన అద్దె తక్కువంటే ముందు ప్రభుత్వ వరద మ్యాప్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి చూడండి. 2013 డిసెంబర్ 5 రాత్రి సముద్రం పోటెత్తి నది మీదుగా ఊళ్ళోకి వచ్చేసింది, వందల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, స్టంప్ అని పిలిచే ఆ ఎత్తైన సెయింట్ బోటాల్ఫ్ చర్చిలోకి కూడా. తర్వాత నది మీద పెద్ద గేటు కట్టారు, ఇప్పుడు భయం చాలా తగ్గింది, కానీ ఇంట్లో సామాను ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కున్నాకే సంతకం పెట్టండి. హాస్పిటల్ ఊరికి ఉత్తరం వైపు సిబ్సీ రోడ్ మీద ఉంటుంది. రాత్రి డ్యూటీలుంటాయి కాబట్టి అటువైపే చూడటం నయం.

సెన్సస్_శీను

అడ్మిషన్లు లింకన్‌షైర్ కౌంటీ కౌన్సిల్ చూస్తుంది, పరీక్షకి పేరు మాత్రం స్కూల్‌కే ఇవ్వాలి. బరో కౌన్సిల్ చేతిలో చెత్త, ఇళ్ళు, ప్లానింగ్ లాంటివి ఉంటాయి. ఈ రెండంచెల పద్ధతే ఎత్తేస్తామని 2024 డిసెంబర్‌లో ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టింది, అది జరిగితే బోస్టన్ బరో పక్కవాటితో కలిసిపోతుంది, ఈ అంకెలన్నీ మళ్ళీ పాత పట్టికల్లో వెతుక్కోవాల్సిందే. అద్దెకి చూసేటప్పుడు ఆ ఇంటికి అటూ ఇటూ ఉన్నవి గదుల వారీగా అద్దెకిచ్చేవా అని అడగండి, షిఫ్టులవాళ్ళుంటే రాత్రి మూడింటికి వ్యాన్ హారన్ వినాల్సి వస్తుంది.

పాలమూరు_పిలగాడు

మూడింటికి కాదు అన్నా, నాలుగున్నరకి. హారన్ కొట్టరు, ఫోన్ చేస్తరు.

బెజవాడ_వాసు

వచ్చే శనివారం ముగ్గురం వెళ్ళి చూసొస్తాం. కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో ఒక్కటి చెప్పండి అక్కా, మా ఆవిడ అడగమంది.

కొత్తగూడెం_కోడలు

శనివారం అయితే మంచిదే, బుధ, శనివారాలు మార్కెట్ ఉంటుంది, కూరగాయలు తాజాగా, చవగ్గా దొరుకుతాయి. కరివేపాకు, మినప్పప్పు, ఇడ్లీ రవ్వకి పీటర్‌బరో పోవాల్సిందే, మేం రెండు వారాలకోసారి వెళ్తాం. వెళ్ళే ముందు మెసేజ్ పెడతా, ఏం కావాలో రాసి పంపు అన్నా.